ముచ్చటపడ్డ చెవి, విసిగిన చెవి
(స్మారకోపన్యాస పాఠం)



నాకు చదువు చెప్పిన మేష్టారి జ్ఞాపకార్థం జరిగే ఈ సభలో మాట్లాడమన్నప్పుడు విషయం కోసం నేను ఎక్కువగా వెతుక్కోలేదు. ఆయనకు ప్రాణమైనవి రెండు. ఒకటి పదాల పుట్టుక, రెండోది సంగీతం. తరగతిలో మొదటిదాని గురించి చెబుతూ చెబుతూ రెండోదానిలోకి జారిపోయేవారు. ఆ రెండూ కలిసేది వాద్యాల పేర్ల దగ్గర. అందుకని ఇవాళ ఒక వాద్యం పేరు తీసుకున్నాను. అది మన వాద్యం కాదు. జర్మన్ మాట్లాడే దేశాల నుంచి స్లావ్ భాషల దేశాలకు మనుషుల వీపుల మీద ఎక్కి వెళ్లిన పాటల పెట్టె. రష్యన్లు దాన్ని షర్మాంకా అంటారు, పోలండువాళ్లు కతరింకా అంటారు. పెట్టె ఒకటే అయినా ఈ రెండు పేర్లకూ పొంతన ఉన్నట్టు వినిపించదు. కానీ రెండూ ఒకే పాట నోటి నుంచి ఊడిపడ్డాయి.

వాటి కథతో పాటు నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. పరాయి మాట మన భాషలోకి వచ్చాక దాని మీద ఇద్దరికి హక్కు ఏర్పడుతుంది. ముచ్చటపడి పేరు పెట్టినవాడు ఒకడు, విసిగిపోయి దాన్ని నుడికారంగా మార్చినవాడు ఇంకొకడు. పద చరిత్ర రాసేవాళ్లు మొదటివాణ్ణి వెతికి పట్టుకుంటారు. రెండోవాణ్ణి చాలాసార్లు వదిలేస్తారు.

పెట్టె లోపల

ముందు పెట్టెను విప్పి చూద్దాం. పక్కన ఒక పిడి ఉంటుంది. దాన్ని తిప్పితే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. లోపలి తోలుతిత్తులు గాలి నింపుకుంటాయి, ఒక కొయ్య పీపా మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. పీపా ఒంటినిండా ఇత్తడి మేకులు. పొట్టి స్వరానికి ఒక మేకు, సాగే స్వరానికి రెండు కొసలూ వంచి దిగ్గొట్టిన తీగ. మేకు వచ్చి మీటను లేపగానే మూత తెరుచుకుంటుంది, గాలి గొట్టంలోకి వెళ్లి స్వరం పలుకుతుంది. సంగీతజ్ఞానమంతా మేకులు కొట్టినవాడిది. తిప్పేవాడికి కావలసింది చేతి సత్తువ, ఎండకూ చలికీ తట్టుకునే ఓపిక.

ఈ కిటుకు చాలా పాతది. 9వ శతాబ్దంలో బాగ్దాదులో బనూ మూసా సోదరులు తనంతట తానే మోగే వాద్యం గురించి రాశారు. అందులోనూ మేకులు కొట్టిన పీపాయే ఉంది. సాల్జ్‌బర్గ్ కోటలో 1502లో పెట్టించిన గాలివాద్యం అదే జాతిది. 18వ శతాబ్దానికి అది భుజానికి తగిలించుకునేంత చిన్నదై, కింద ఊతకర్రతో వీధిన పడింది. ఆస్ట్రియాలో యుద్ధాల్లో కాలో చెయ్యో పోగొట్టుకున్న సిపాయిలకు బతుకుతెరువుగా దీన్ని వాయించే అనుమతి పత్రాలు ఇచ్చేవారు. 19వ శతాబ్దంలో జర్మనీలోని నల్లడవి ప్రాంతపు వాల్డ్‌కిర్ష్ పట్టణంలో బ్రూడర్ కుటుంబం, బెర్లిన్‌లో స్థిరపడిన బచిగలూపో వంటి ఇటలీ కుటుంబాలు ఈ పెట్టెల తయారీలో పేరు తెచ్చుకున్నాయి.

యంత్రం గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. మామూలు వీధి పెట్టెలో పీపా ఒక చుట్టు తిరిగేలోగా పాట పూర్తి కావాలి. రెండో చుట్టులో మళ్లీ అదే పాట. పీపాను వెంట్రుకవాసి పక్కకు జరిపితే ఇంకో వరస మేకులు మీటల కిందికి వస్తాయి, ఇంకో పాట వస్తుంది. అలా ఒక పీపా మీద సుమారు ఎనిమిదో పదో పాటలు పట్టేవి. అంతకు మించి కావాలంటే కొత్త పీపా చేయించాలి. వీధిలో చిల్లర ఏరుకునేవాడికి అంత డబ్బెక్కడిది? అందుకని ఊరు మారినా పాట మారేది కాదు. ఇప్పుడు చెప్పబోయే పేరూ, ఆ తర్వాత చెప్పబోయే విసుగూ రెండూ ఈ పీపా చుట్టులోనే పుట్టాయి.

నికొలాయ్ గోగొల్ 1842లో అచ్చయిన ‘మృత జీవులు’ నవలలో నొజ్‌ద్రోవ్ అనే భూస్వామి తన షర్మాంకాను అతిథికి గొప్పగా వినిపిస్తాడు. ఒక నాట్యపు వరసతో మొదలైన పాట మధ్యలో ఫ్రెంచి సిపాయి పాటై, అది కాస్తా వాల్ట్‌జ్ వరసలో తేలుతుంది. తిప్పడం ఆపేశాక కూడా ఒక గొట్టం తన పాటికి తాను ఈల వేస్తూనే ఉంటుంది. ఇది చదివి నవ్వుకుంటాం. కానీ పెట్టె సంగతి తెలిసినవాడికి ఇది కేవలం హాస్యం కాదు. పీపా పట్టు తప్పి పక్క వరసలోకి జారితే, ఒక మూత సరిగా పడకపోతే సరిగ్గా ఇలాగే ఉంటుంది. గోగొల్ చెవి అంత నిఖార్సయినది.

పాట రెండు ముక్కలైంది

ఇక పేరు సంగతి. ఈ పెట్టెల్లో మోగిన జర్మన్ పాటల్లో ఒకటి ‘షర్మాంతె కతరీనె’ అన్న రెండు మాటలతో మొదలయ్యేది. మనోహరి కేథరిన్ అని అర్థం. పెట్టె పోలిష్ వీధుల్లోకి వచ్చింది. విన్నవాళ్లకు పాటంతా అర్థమై ఉండదు, ఎత్తుగడ మాత్రం చెవిలో నాటుకుంది. పోలిష్ రెండో మాట పట్టుకుంది. ఆ పిల్ల పేరుకు ముద్దుప్రత్యయం తగిలించి కతరింకా అంది. ఉక్రేనియన్‌లో అది కతెరింకా, బెలారూషియన్‌లో కత్రింకా. రష్యన్ మొదటి మాట పట్టుకుంది. ‘షర్మాంత్’కు తన ‘కా’ ప్రత్యయం చేర్చి, నోటికి అడ్డం వచ్చిన తకారాన్ని వదిలేసి షర్మాంకా చేసుకుంది. నామవాచకం ఒకరికి, విశేషణం ఒకరికి. పాట అలా పంపకమైపోయింది.

ఆ విశేషణం జర్మన్‌కు కూడా సొంతం కాదు. ఫ్రెంచి ‘షార్మాఁ’ నుంచి తెచ్చుకున్నది. దాని మూలం లాటిన్ ‘కార్మెన్’. కార్మెన్ అంటే పాట, మంత్రం కూడా. ఒకప్పుడు పాట అన్న అర్థమున్న మాట మంత్రమై, మంత్రముగ్ధమై, మనోహరమై, చివరికి పాటలు పాడే పెట్టెగా తేలింది. ఇంత చుట్టు తిరిగిందని పీటర్స్‌బర్గ్ వీధిలో పిడి తిప్పిన ఏ షర్మాంకావాడికీ తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.

ఈ వ్యుత్పత్తిని నమోదు చేసినవారిలో మాక్స్ ఫాస్మెర్‌ను తలచుకోవాలి. జర్మన్ తల్లిదండ్రులకు 1886లో పీటర్స్‌బర్గ్‌లో పుట్టి, బెర్లిన్‌లో ఆచార్యుడైన మనిషి. 1944 జనవరిలో బాంబుదాడిలో ఆయన ఇల్లు, పోగుచేసుకున్న సామగ్రి, పుస్తకాలు కాలిపోయాయి. మళ్లీ మొదలుపెట్టి రాసిన రష్యన్ వ్యుత్పత్తి నిఘంటువు 1950 నుంచి 1958 వరకు హైడల్‌బర్గ్‌లో వెలువడింది. జర్మన్‌కూ రష్యన్‌కూ మధ్య దారి ఆయనకు పుట్టిల్లు. ఆ దారిన నడిచిన పదాలను ఆయన కంటే ఆప్యాయంగా లెక్కపెట్టినవారు అరుదు.

నామకరణం చేసింది ఎవరు? తయారు చేసినవాడైతే కాదు. జర్మన్‌లో దీనికి ‘తిప్పే ఆర్గన్’ అని అర్థం వచ్చే నిక్షేపం లాంటి పేరుంది. దాన్ని అనువదించుకోవచ్చు, లేదా ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు. కొలువుల్లోకి, సైన్యపు బ్యాండ్లలోకి వచ్చిన వాద్యాలకు అలాగే జరిగింది. జర్మన్ ‘వాల్డ్‌హోర్న్’, అంటే అడవి కొమ్ము, రష్యన్‌లో వల్తోర్నా అయింది, పోలిష్‌లో వల్తోర్నియా అయింది. పోలిష్ పుజోన్ జర్మన్ ‘పొజౌనె’ నుంచి వచ్చింది. అవి వాయించేవాళ్లతో, స్వరలిపి కాగితాలతో, జీతాల పట్టీలతో కలిసి వచ్చాయి. అధికారికంగా వచ్చిన వస్తువు తన పేరు తాను తెచ్చుకుంటుంది. వీధిన వచ్చిన వస్తువుకు వీధి పేరు పెడుతుంది. షర్మాంకా, కతరింకా పేర్లలో పెట్టె ఆకారం లేదు, పిడి లేదు, పీపా లేదు. విన్నది మాత్రమే ఉంది.

అయిదు పేర్లు, అయిదు దారులు

ఇదే పెట్టె మిగతా స్లావ్ భాషల్లోకి వెళ్లినప్పుడు ఏ పేర్లతో వెళ్లిందో చూస్తే నా మాట ఇంకా తేటపడుతుంది. వియన్నాలో జనం దీన్ని ‘వెర్కెల్’ అనేవారు. చిన్న యంత్రం అని అర్థం. హాబ్స్‌బర్గ్ పాలన కింద, ఆ ఏలుబడి అంచుల్లో ఉన్న కొన్ని స్లావ్ ప్రాంతాలకు ఈ పేరే వియన్నా నుంచి వెళ్లింది. సెర్బియన్, క్రొయేషియన్‌లలో వెర్గ్ల్, స్లొవాక్‌లో వెర్క్లీక్. చెక్ భాషలో దీనికి ఫ్లషినెత్ అని పేరు. అది ఫ్రెంచివాళ్ల పిల్లనగ్రోవి ‘ఫ్లాజొలే’ జర్మన్ నోట నలిగి అక్కడికి చేరిన రూపం. స్లొవీన్‌లో లాయ్‌నా. దాని వెనుక జర్మన్ ‘లైయర్’ ఉంది. అది గ్రీకు లైరా వారసురాలు. మధ్యయుగాల్లో పిడి తిప్పి వాయించే తంత్రీవాద్యానికి ఆ పేరు పెట్టారు, తర్వాత పిడి ఉన్న ప్రతి పెట్టెకూ అది పాకింది.

ఉత్తరాన వార్సా, పీటర్స్‌బర్గ్‌లు పాట పట్టుకున్నాయి. దక్షిణాన వియన్నా నీడలో ఉన్నవాళ్లలో కొందరు యంత్రం అన్న మాట పట్టుకున్నారు. చెక్‌లకు గొట్టం పేరు మిగిలింది, స్లొవీన్‌లకు పాత వాద్యం పేరు మిగిలింది. ఇచ్చిన భాష ఒక్కటే, పుచ్చుకున్నవాళ్లు తలా ఒకటి పుచ్చుకున్నారు. ‘జర్మన్ నుంచి వచ్చింది’ అని నిఘంటువులో ఒక ముక్క రాసి ఊరుకుంటే ఈ తేడా అంతా మాయమైపోతుంది.

కిటికీ లోపలి మనుషులు

ఇప్పుడు రెండో చెవి, అంటే విసిగిన చెవి దగ్గరికి వద్దాం. ఈ పేర్ల వాడుకలో ఇంకో సంగతి బయటపడుతుంది. రష్యన్‌లో ఎవరైనా పాత సంగతే మళ్లీ ఎత్తుకుంటే ‘షర్మాంకా మొదలుపెట్టాడు’ అంటారు. పోలిష్‌లో ఆపకుండా వాగేవాడు ‘కతరింకాలా’ మాట్లాడతాడు. సెర్బియన్, క్రొయేషియన్‌లలో ‘వెర్గ్లతి’ అంటే చెప్పిందే చెప్పడం, అర్థం తెలియకుండా వల్లెవేయడం. స్లొవీన్‌లో ‘లాయ్‌నతి’కీ అలాంటి అర్థమే. జర్మన్‌లో సరేసరి, ‘పాత లైయర్’ అంటే విని విని విసిగిన గొడవ. వేర్వేరు పేర్లు, వేర్వేరు దారులు. చేరిన చోటు మాత్రం ఒక్కటే.

దీనికి ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం కొంత కారణం కావచ్చు. పీపాయే ఇంకా పెద్ద కారణం. ఒక చుట్టుకు ఒక పాట, మళ్లీ అదే పాట. ఎత్తుగడ అంతగా చెవిన పడబట్టే అది పేరైంది. అంతగా చెవిన పడబట్టే అది తిట్టయింది.

మనకూ ‘పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ’ అన్న సామెత ఉంది. అందులో ఒక తేడా చూడండి. మన సామెత మనిషిని దెప్పుతుంది. పాట పాతదైనందుకు దాసరిని ఆడిపోసుకుంటుంది, పైగా అతని పళ్ల మీదికీ వెళుతుంది. స్లావ్ నుడికారం పెట్టెను దెప్పి, తిప్పేవాణ్ణి వదిలేస్తుంది. యంత్రం వచ్చాక తిట్టు యంత్రం మీదికి మళ్లింది. మన దగ్గర ఆ మళ్లింపు తర్వాత గ్రామఫోన్‌తో జరిగింది. ‘అరిగిపోయిన రికార్డు’ అని ఇప్పటికీ అంటాం, రికార్డు చూసి ఎరగని పిల్లలు కూడా అంటారు.

విసిగినవాళ్లందరిలోకీ ప్రసిద్ధుడు లండన్ గణితవేత్త చార్లెస్ బాబేజ్. వీధి వాయిద్యాల మీద యుద్ధమే ప్రకటించాడు, 1864లో వాటిని కట్టడి చేసే చట్టం రావడంలో ఆయన పట్టుదలకూ వాటా ఉంది. కంప్యూటర్‌కు మూలపురుషుడని మనం చెప్పుకునే ఆ మనిషి గీసిన విశ్లేషణ యంత్రంలో పనులను వరసగా నడిపించేవి ఏమిటో తెలుసా? మేకులు దిగ్గొట్టిన పీపాలు. కిటికీ బయట తాను అసహ్యించుకున్న సూత్రాన్నే కిటికీ లోపల తన బల్ల మీద గీసుకున్నాడు.

రష్యన్ సాహిత్యం ఆ పిడి తిప్పేవాడి ముఖం చూడటానికి కిటికీ దిగి వచ్చింది. నెక్రాసొవ్ 1845లో తెచ్చిన ‘పీటర్స్‌బర్గ్ శరీరధర్మం’ సంకలనంలో ద్మీత్రి గ్రిగొరోవిచ్ షర్మాంకావాళ్ల మీద ఒక వ్యాసం రాశాడు. వాళ్లు కాపురముండే సందుల్లో తిరిగి, వాళ్ల గదులు చూసి రాశాడు. ఆ రోజుల్లో దొస్తొయేవ్‌స్కీ ఆయన స్నేహితుడు, ఒకే ఇంట్లో ఉన్నవాడు. వ్యాసంలో ఒక చోట గుమాస్తా కిటికీ నుంచి అయిదు కొపెక్కుల బిళ్ల విసిరితే షర్మాంకావాడి కాళ్ల దగ్గర పడిందని ఉంది. దొస్తొయేవ్‌స్కీ అది చదివి ఒప్పుకోలేదు. బిళ్ల మోగుతూ, ఎగురుతూ రాళ్లబాట మీద పడాలన్నాడు. గ్రిగొరోవిచ్ తన జ్ఞాపకాల్లో దీన్ని తనకు దొరికిన పాఠంగా చెప్పుకున్నాడు. నాకు ఇందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. మొదటి వాక్యం కిటికీలోని మనిషి చూసింది. సవరించిన వాక్యం వీధిలోని మనిషి విన్నది. పాట ఆపేసి, ఎవరైనా ఏమైనా వేస్తారా అని చెవులు రిక్కించుకుని నిలబడ్డవాడికి ఆ చప్పుడే పాట.

ఈ రెండు చెవులనూ ఎదురెదురు కిటికీల్లో పెట్టి చూపిన కథ పోలిష్‌లో ఉంది. బొలెస్లావ్ ప్రూస్ 1880లో రాసిన ఆ కథ పేరే ‘కతరింకా’. తొమాష్ గారని వార్సాలో ఒక వకీలు. కళలంటే ఇష్టం, కతరింకా అంటే ఒళ్లుమంట. దాన్ని ఆవరణలోకి రానివ్వకూడదని కాపలావాడికి నెలనెలా డబ్బిచ్చి కట్టుదిట్టం చేసుకున్నాడు. ఎదురింట్లోకి ఒక తల్లి, చూపు పోయిన చిన్నపిల్ల వస్తారు. కొత్త కాపలావాడికి కట్టడి తెలియక ఒకరోజు కతరింకా లోపలికి వస్తుంది. వకీలు మండిపడుతూ కిటికీ దగ్గరికి వెళ్లి చూస్తే, ఎదుటి కిటికీలో ఆ పిల్ల పాటకు చప్పట్లు కొడుతూ గంతులేస్తోంది. ఆయన అప్పటికప్పుడు కాపలావాణ్ణి పిలిచి, ఇకపై రోజూ రానివ్వమంటాడు, డబ్బు తానే ఇస్తానంటాడు.

కథను మనసు మారిన పెద్దమనిషి కథగా చదువుతాం. అలా చదవవచ్చు. పదాల మీద పనిచేసేవాడిగా నేను దాన్ని ఇంకోలా చదువుతాను. వకీలుకు కతరింకా అంటే విసుగు అన్న అర్థమే మిగిలింది. ఆ పిల్లకు అది ఇంకా మనోహరి కేథరిన్. పేరు పుట్టిననాటి చెవి ఆ పిల్లది, నుడికారం పుట్టిననాటి చెవి వకీలుది. ప్రూస్ వకీలుకు నేర్పింది కొత్త దయాగుణం మాత్రమే కాదు, మరచిపోయిన పాత అర్థం కూడా.

మన చెవుల సంగతి

ఇందులో మనకేముంది అని ఎవరైనా అడగవచ్చు. ఈ పెట్టె మన వీధుల్లో పేరు తెచ్చుకోలేదు. కానీ దాని దూరపు చుట్టం ఒకటి మన ఇళ్లలోకి, నాటకాల్లోకి వచ్చి కూర్చుంది. జర్మన్ ‘హర్మోనికా’ రష్యన్‌లో గర్మోనికా అయి, పల్లెల్లో గర్మోన్‌గా, గర్మోష్కాగా ముద్దుపేర్లు తెచ్చుకుంది. ఆ కుటుంబానికే చెందిన, రేకులు గాలికి అదిరి పలికే హార్మోనియం 1840ల్లో పారిస్‌లో పేరు పెట్టించుకుని, కలకత్తా మీదుగా మన దగ్గరికి వచ్చి హార్మోణీ పెట్టె అయింది. సురభి నాటకాలు, పద్యనాటకాలు అది లేకుండా ఊహించలేం.

దానికీ రెండు చెవులు ఎదురయ్యాయి. గమకం పలకదని, మన సంగీతానికి పనికిరాదని 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ కట్టడి సడలలేదు. అదే కాలంలో ఊరూరా పందిళ్ల కింద జనం హార్మోణీ మీద సాగిన పద్యానికి ‘వన్స్‌మోర్’ కొట్టారు. పాడిందే పాడమని అడిగి మరీ పాడించుకున్నారు. పాచిపళ్ల దాసరి సామెత పుట్టిన భాషలోనే, పాడిందే పాడించుకోవడానికి ఒక ఇంగ్లీషు మాటను అరువు తెచ్చుకుని ఇంటిమాట చేసుకున్నాం. తిరిగిందే తిరగడం ఒకరికి రోత, ఒకరికి పండగ. పదాల్లో రెండూ నిల్వ ఉంటాయి.

మనకు పదాలు ఏరే సంప్రదాయం గట్టిదే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి నాయకత్వంలో 1962లో వ్యవసాయ వృత్తిపదాల కోశం వచ్చింది. పండితుణ్ణి అడగకుండా రైతునే అడిగి రాసిన కోశమది. ఆ పద్ధతి వాద్యాల పేర్లకు మరీ అవసరం. క్లారినెట్టు వాయించే బ్యాండుమేళం వాళ్లను, హార్మోనియం బాగుచేసేవాళ్లను, నాటక సమాజాల్లో పెరిగినవాళ్లను అడగండి. లోపలి ముక్కలకు వాళ్లు ఏమంటారో, ఏ మాట ఎవరి దగ్గర విన్నారో రాసుకోండి. దాని పక్కనే ఇంకో గడి గీయండి. ఆ మాటతో ఎవర్ని మెచ్చుకుంటారు, ఎవర్ని వెక్కిరిస్తారు అన్నది అందులో రాయండి. ‘ఇంగ్లీషు నుంచి’, ‘ఉర్దూ నుంచి’ అన్న ఒక్క ముక్కతో గడి నింపేయడం సులువు. అలా నింపిన నిఘంటువులో భాష పేరు ఉంటుంది, మనుషులు ఉండరు. ఈ పనికి ముందుకొచ్చే విద్యార్థి ఎవరైనా ఉంటే నా దగ్గర ఉన్న పుస్తకాలూ నాకు ఉన్న కాలమూ ఆ అబ్బాయివి, ఆ అమ్మాయివి.